ఆల్రెడీ, సార్

మా మనవరాలు ఫోనులో "అవ్వా, మేం ఆల్రెడీ బయల్దేరినాం" అంటుంది. కూరగాయల బండి అబ్బాయి "ఆల్రెడీ తగ్గించి చెప్పినానమ్మా" అంటాడు. మందుల షాపులో, బస్టాండులో, పెళ్లి పందిట్లో ఎక్కడ విన్నా ఈ మాటే. ఇది ఇంగ్లీషు మాటని ఇప్పుడెవరూ అనుకోవడం కూడా లేదు. నేను మాత్రం ఇంత వయసొచ్చినా ఆ మాట చెవిన పడగానే చేతిలో పని ఆపుతాను. ఎవరు అడిగితే ఈ బదులు చెబుతున్నారో అని ఒకసారి చుట్టూ చూస్తాను. మా పిల్లలకు ఇదొక నవ్వులాట. అవ్వకు ఇంగ్లీషంటే భయం అంటారు.

ఆ మాట నేను మొదట విన్నది పాపాఘ్ని ఒడ్డున, వేంపల్లెకు ఎగువనున్న మా ఊళ్లో. ఇంకా తెల్లవాళ్ల దొరతనం నడుస్తున్న రోజులు. నేను లంగా అంచు దుమ్ములో ఈడ్చుకుంటూ మిషన్ బడికి పోయే పిల్లను. ఊరికి తూర్పున చర్చి, దాని పక్కన బడి, బడి వెనక నాపరాళ్లు కప్పిన ఒంటిగది ఉండేవి. ఆ గదిలో ఒక ముసలాయన ఒక్కడే కాపురం. కడపలో ఒక దొర బంగళాలో చిన్నప్పటి నుంచీ బట్లరుగా పనిచేశాడట. ఆ దొర జ్వరమొచ్చి పోతే, అక్కడే తెల్లవాళ్ల సమాధుల తోటలో మట్టి చేసి, రేకు పెట్టె నెత్తిన పెట్టుకుని ఊరికి తిరిగొచ్చాడట. ఆయన భార్యాబిడ్డలు అంతకు ముందే ఒక కలరా ఏట పోయారు. ఊరికి ఆయన బట్లరు. పిల్లలకు బట్లర్ తాత.

ఎంత ఎండలోనైనా మెడ దాకా గుండీలు పెట్టిన కోటు తొడుక్కునేవాడు. ఒకప్పుడు తెల్లదే అయ్యుండాలి, మేం చూసేసరికి పాత ఏనుగు దంతం రంగులో ఉండేది. మా ఊళ్లో టీ కాచే ఇల్లు ఆయనదొక్కటే. ఆకు మరిగిన వగరు వాసన, దానిలో కలిసిన బెల్లం వాసన బడి గోడ దాటి వచ్చి మా ఎక్కాలను చెడగొట్టేవి. ఆ పక్క ఇళ్లలో నీళ్లు తాగకూడదని మా ఇంట్లో కట్టడి. టీ నీళ్లు కాదు గదా అని నేనూ, నా జతపిల్లా మాకు మేమే తీర్పు చెప్పుకున్నాం. ఆట విడుపులో గోడ వెనక నుంచి పోయి ఆయన గడప మీద కూర్చునేవాళ్లం. ఆయన చెవి విరిగిన పింగాణీ కప్పును మాకు కుడి పక్కన పెట్టి, ఒక అడుగు వెనక్కి వేసి, చేతులు కట్టుకుని నిలబడేవాడు. మేం తాగడం అయ్యేదాకా కూర్చునేవాడు కాదు. మా ఇళ్లలో మగవాళ్లు అలా నిలబడి వడ్డించడం మేమెప్పుడూ చూడలేదు. అందుకే ఆ టీ ఇంకా తియ్యగా ఉండేదేమో. ఇంటికి పోయేముందు వాసన తెలియకుండా చింతచిగురు నమిలేవాళ్లం.

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. బావుల్లో మెట్లన్నీ బయటపడి, అడుగున పచ్చటి మడుగు మిగిలింది. పొద్దెక్కితే నాపరాళ్ల కప్పుల నుంచి ఖాళీ పెనం కాలినప్పటి వాసన వచ్చేది. ఇళ్లలో కొర్ర గంజి, ఉలవ గుగ్గిళ్లు, దాంట్లోకి ఊరిబిండి పచ్చడి, అంతే.

ఒక మధ్యాహ్నం జేజి, అంటే మా నాయనమ్మ, వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఆ గింజలతో నేను ఆడుకుంటున్నాను. వీధిలో పిట్ట కూడా లేదు. బట్లర్ తాత చర్చి వైపు నుంచి నడుచుకుంటూ వచ్చి మా కొట్టం ముందు ఆగాడు. కొట్టంలో మా బూడిదరంగు మైల ఎద్దు నెమరేస్తోంది. ఆయన దాని వైపు చూడను కూడా చూడలేదు. వెనక నుంచి ఎవరో పిలిచినట్టు ఆగి, తల కొంచెం పక్కకు వంచి విన్నాడు. తర్వాత మడమలు రెండూ దగ్గరికి చేర్చి, నిటారుగా నిలబడి, "ఆల్రెడీ, సార్" అన్నాడు. మళ్లీ తన దారిన పోయాడు.

"ఎవరితో మాట్లాడ్తాండాడే ఆయప్ప?" అంది జేజి.

"ఎవరూ లేరు జేజీ."

"పాపం, ఎండదెబ్బ" అని జేజి మళ్లీ చింతపండు అందుకుంది.

దీపాలు పెట్టే వేళకు మైల ఎద్దు ముందుకాళ్ల మీద కూలబడింది. నాయన ఆకుపసరు గొట్టంతో పోసేలోపలే కళ్లు తేలేసింది. వయసైన ఎద్దు, మేత లేని ఏడు. ఎవరూ వేరే ఆలోచించలేదు. పిల్లలం మాత్రం ఆ మాట పట్టుకుని ఒక ఆట కట్టాం. ఒకరు దొర, ఒకరు బట్లరు. "గుర్రానికి నీళ్లు పెట్టినావా?" అంటే మడమలు కొట్టి "ఆల్రెడీ, సార్" అనాలి. నవ్వితే ఓడినట్టు.

మా వీధి చివర ఒక బండాయన ఉండేవాడు. ముద్దనూరు రైలు స్టేషనుకు నాపరాళ్లు తోలేవాడు. ఒకనాడు రావలసిన వేళ దాటినా బండి రాలేదు. అతని భార్య చంకలో బిడ్డతో బడి ముందు దారిలోకి వచ్చి నిలబడింది. మాకు ఆట విడుపు. బట్లర్ తాత తన గడపలో కూర్చుని కప్పు తుడుచుకుంటున్నాడు. ఉన్నట్టుండి కప్పు కింద పెట్టి లేచాడు. తల వంచి విన్నాడు. "ఆల్రెడీ, సార్" అన్నాడు.

ఆమె తన మొగుణ్ణి చూసే అన్నాడనుకుంది. "ఏంది తాతా, వచ్చినాడా? యాడ కనపడినాడు?"

తాత అప్పుడే నిద్ర లేచినవాడిలా ఆమెను చూశాడు. "నాకేం తెల్దమ్మా" అన్నాడు.

మేం మళ్లీ బడిలోకి పోకముందే ఎద్దుల మెడగంటలు వినిపించాయి. ఎప్పుడూ వచ్చే నడకతోనే బండి వచ్చింది. మమ్మల్ని దాటుకుని పోయి తన ఇంటి ముందు తనంతట తానే నిలిచింది. బండాయన గోనెపట్టాల మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పగ్గాలు చేతిలోనే ఉన్నాయి. ఆమె బిడ్డను పైకి జరుపుకుంటూ "లెయ్యి, ఎండ మొగాన కొడ్తాండాది" అంది. మేం చక్రం ఎక్కి చూశాం. కళ్లు తెరిచే ఉన్నాయి. వాటి మీద సన్నటి దుమ్ము పేరుకుని ఉంది. కాళ్లకు చెప్పులు లేవు. తర్వాత బండంతా వెతికినా ఆ చెప్పులు దొరకలేదు.

ప్రాణం పోయి చాలాసేపయిందని పెద్దలు తేల్చారు. తెలిసిన దారి కాబట్టి ఎద్దులు ఇంటికి తెచ్చాయి. ఆమె ఏడుపులో ఒకటే మాట తిరుగుతూ ఉండేది. "తాతకు ముందే తెలుసు. తాత చెప్పినాడు." అప్పుడు జేజికి ఎద్దు సంగతి గుర్తొచ్చింది. సాయంత్రానికి ఊరంతటికీ గుర్తొచ్చింది.

మరునాడు బడిలో మా టీచరమ్మను అడిగాను. ఆమె చర్చి పాస్టరుగారి భార్య. మెత్తటి మనిషి.

"టీచరమ్మా, ఆల్రెడీ అంటే ఏంది?"

బడిలో గుసగుసలన్నీ ఆగిపోయాయి. ఆమెకూ ఊళ్లో మాట తెలుసు. అందుకే కాబోలు, సుద్దముక్క తీసుకుని బోర్డు మీద ఆ మాటను పెద్దగా రాసింది.

"ఇది క్రియా విశేషణం. పని ఎప్పుడు జరిగిందో చెప్పే మాట. మనం రైలెక్కాలని స్టేషనుకు పోతాం. మనం పోయేసరికి రైలు వెళ్లిపోయింది. అప్పుడు ఈ మాట వాడతాం. అప్పుడే, అప్పటికే అని తెలుగులో అంటాం గదా, అది."

"అంటే ఆలస్యమైనప్పుడు చెప్పే మాటనా?" అంది నా జతపిల్ల.

"ఆలస్యం మనది. పని అంతకు ముందే అయిపోయింటుంది."

"అది మంచి మాటనా, చెడ్డ మాటనా?" అన్నాను నేను.

"మాటలో ఏముందమ్మా. ఏది అయిపోయిందో దాన్ని బట్టి ఉంటుంది."

తర్వాత ఆమె దాని కింద ఇంకో మాట రాసింది. ఎవరన్నా ఒక పని అయిందా అని అడిగితే, అయిపోయింటే ఆల్రెడీ, కాకుంటే నాట్ యెట్. నాట్ యెట్ అంటే ఇంకా లేదు అని. అందరి చేతా అనిపించింది. మొదటి మాట ఎవరూ గట్టిగా అనలేదు. రెండోది మాత్రం బడి కప్పు ఎగిరిపోయేట్టు అన్నాం.

ఆ తర్వాత బట్లర్ తాతకు ఊరు మూసుకుపోయింది. మజ్జిగ పోసేవాళ్లు మానేశారు. ఆయన వీధిలోకి వస్తే తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కుని తలుపులు వేసేవాళ్లు. మా ఆట చూసిన జేజి నా నోటి మీద ఒకటి వేసి, "ఇంగోసారి ఆ మాటంటే వాత పెడతా" అంది. నాయన ఇవన్నీ నమ్మేవాడు కాదు. ముసలాయనకు మతి తప్పింది, ఎద్దుకు ఆకలి, బండాయనకు వడదెబ్బ, అంతే అనేవాడు. అయినా ఆయన కూడా మా వాకిలి ముందుకు తాతను రానిచ్చేవాడు కాదు.

అప్పుడే మా అమ్మ ప్రసవించింది. తమ్ముడు పుట్టాడు. బిడ్డ బాగానే ఉన్నాడు గాని అమ్మకు జ్వరం పట్టుకుంది. చీకటి గదిలో వాము పొగ, వేపాకు, సాంబ్రాణి, వాటన్నిటి కింద ఇంకేదో తియ్యటి చెడ్డ వాసన. అమ్మ నన్ను చూసి ఎవరి పేరుతోనో పిలిచింది. మంత్రసాని బయటికి వచ్చి జేజితో మెల్లగా ఏదో చెప్పింది. జేజి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను ఎవరికీ చెప్పకుండా బట్లర్ తాత గదికి పోయాను. మిట్టమధ్యాహ్నం. ఆయన కోటు తొడుక్కుని మంచం అంచున కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి సంతోషంగా లేచాడు. ఎన్నాళ్లుగానో ఆ గడప ఎవరూ తొక్కలేదు.

"తాతా, మా అమ్మకు జరం. నువ్వు ఆ మాట అనొద్దు."

"ఏ మాట పాపా?"

పైకి అనడానికి నాకు నోరు రాలేదు. ఆయనే అర్థం చేసుకున్నాడు.

"నేనై నేను అనడం లేదు పాపా. అడుగుతారు. అడిగితే చెప్పల్ల గదా."

"ఎవరు అడుగుతారు?"

"దొర."

పక్కింటాయన సంగతి చెప్పినట్టు చెప్పాడు.

"దొర చచ్చిపోయినాడు గదా తాతా."

"ఆ. నా చేతుల్తోనే మట్టేసినా. అయినా కొలువు కొలువే గదా. ఈ ఎండకాలం నుంచి మళ్లా పిలుస్తాండాడు. బంగళా ఎప్పటి మాదిరే ఉండాది. వసారాలో కుర్చీ యేసుకోని కూచ్చోని, గేటు దిక్కు చూడకుండానే అడుగుతాడు. ఎద్దు వచ్చిందా అన్నాడు. చూస్తే గేటుకాడ నిలబడుకోనుండె. ఆల్రెడీ సార్ అన్నా. బండాయన వచ్చినాడా అన్నాడు. ఆయన గూడా వచ్చి, చెప్పులిడిసి, చేతులు కట్టుకోని నిలబడుకోనుండె."

బయట ఎండ తెల్లగా కాస్తోంది. నా వీపు మీద చెమట చల్లబడింది.

"మా అమ్మను అడిగినాడా?"

"ఇంగా లేదు పాపా. గేటు తీసి పెట్టమన్నాడు."

"అడిగితే నాట్ యెట్ అని చెప్పు తాతా."

తేలు కుట్టినట్టు ఉలిక్కిపడ్డాడు. "ఆ మాట నీకెవరు నేర్పినారు?"

"టీచరమ్మ."

"నా కొలువులో ఒక్కసారి గూడా అనలేదు పాపా ఆ మాట. దొరకు గిట్టదు. ఆయన అడిగేలోపల పని అయిపోయిండల్ల. అందుకే నన్ను పెట్టుకున్నాడు. ఇంత కాలం నమ్మినాయనకు అబద్ధం చెప్పమంటావా?"

"అబద్ధం కాదు తాతా. మా అమ్మ ఇంగా ఇంట్లోనే ఉండాది."

ఆయన అలవాటు కొద్దీ కప్పులో టీ పోసి నా కుడిపక్కన పెట్టి వెనక్కి జరిగాడు. కప్పు అక్కడే వదిలేసి ఇంటికి పరుగెత్తాను.

మరునాడు అమ్మకు తెలివి లేదు. వైద్యుడు వచ్చి నాడి చూసి, పొద్దు గూకేదాకా చూడాలన్నాడు. అంతకంటే ఏమీ చెప్పలేదు. ఎండ ముదిరే వేళకు బట్లర్ తాత వచ్చాడు. కోటు ఉతుక్కున్నాడు, గుండీలు తోముకున్నాడు. మా వాకిలికి ఎదురుగా, వీధి అవతల, నీడ లేని చోట నిలబడ్డాడు. నాయన ముల్లుగర్ర అందుకుని అరుగు దిగాడు.

"ఏమప్పా, యాడికొచ్చినావు? పో ఈడనుంచి."

తాత ఆయన్ను చూడలేదు. తల పక్కకు వంచి వింటున్నాడు. మేమందరం చూస్తుండగా ఆయన పెదవులు వణికాయి.

"నాట్ యెట్, సార్" అన్నాడు.

నాయన గర్ర ఎత్తాడు. నేను పోయి ఆయన పంచె పట్టుకున్నాను. "కొట్టొద్దు నాయనా. ఆ మాట కాదు. ఇంగా లేదు అంటాండాడు. అమ్మను అడుగుతాండారు, ఇంగా లేదు అని చెప్తాండాడు."

ఎవరడుగుతున్నారని నాయన నన్ను అడగలేదు. గర్ర చేతిలోనే ఉంది గాని కిందికి దిగింది. అరుగు మీద నుంచి జేజి అంది: "ఉండనీరా. చెప్పనీ."

అలా మొదలైంది ఆ మధ్యాహ్నం. ఆయన కాసేపు ఊరికే నిలబడేవాడు. తర్వాత తల వంచేవాడు. ఆ వంచినప్పటి నిశ్శబ్దం ఉందే, అది మామూలు నిశ్శబ్దం కాదు. ఎవరో మాట్లాడుతున్నప్పుడు మనం నోరు మూసుకుంటాం చూడండి, అలాంటిది. ఊరకుక్క ఒకటి వీధిలో వస్తూ ఆయనకు కొంచెం దూరంలో ఆగి, తోక కాళ్ల మధ్య పెట్టుకుని, గోడ వారగా చుట్టు తిరిగి పోయింది. కోళ్లు అరుగు కిందికి దూరాయి. "నాట్ యెట్, సార్." పొద్దు వాలేకొద్దీ అడగడం ఎక్కువైనట్టుంది. ఆయన గొంతు జీరపోయింది. ఒకసారి దెబ్బ తప్పించుకునేవాడిలా చెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకుని మరీ అన్నాడు.

జేజికి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. నేను ఆమె మోకాలు ఆనుకుని కూర్చున్నాను. తాత తల వంచినప్పుడల్లా జేజి పెదవులు కదలడం చూశాను. కొంతసేపటికి వినిపించేట్టుగానే అంటోంది. "నాటెట్టు. నాటెట్టు." గోడకు ఒరిగి నిలబడిన నాయన కూడా అన్నాడు. చూడవచ్చిన అమ్మలక్కలు తలుపుల చాటు నుంచి అన్నారు. అర్థం తెలియని ఆ మాటను మా వీధి వీధంతా, ఎవరు వింటున్నారో తెలియకుండానే, పొద్దు గూకేదాకా చెప్పింది.

దీపం పెట్టడానికి లోపలికి పోయిన మంత్రసాని బయటికి వచ్చి, "చెమట పట్టింది. నీళ్లడుగుతాండాది" అంది. జేజి అరుగు మీదే కూలబడింది. నేను వీధిలోకి చూసేసరికి బట్లర్ తాత లేడు. ఆయన నిలబడిన చోట దుమ్ములో రెండు మడమల గుర్తులు లోతుగా ఉన్నాయి.

రెండు రోజుల తర్వాత పోయాను. కోటు లేకుండా ఆయన్ను చూడడం అదే మొదలు. వట్టి ఒంటి మీద ఎముకలన్నీ కనబడుతున్నాయి. చాలా చిన్న మనిషి.

"తీసేసినాడు పాపా" అన్నాడు.

"ఎవరు తాతా?"

"దొర. ఇంతకాలానికి నీ నోట ఆ మాట వింటినే, ఇంగ నీతో పనిలేదు పో అన్నాడు. నన్ను బయటికి పంపి, గేటు ఆయనే వేసుకున్నాడు." కోటు మడిచి రేకు పెట్టెలో పెట్టాడు. "ఇంగ పిలవడు."

మంచిదే గదా తాతా అనబోయి, ఆయన ముఖం చూసి ఆగిపోయాను. అంత దిగులు నేను బండాయన భార్య ముఖంలో కూడా చూడలేదు. ఆ తర్వాత ఆయన ఆ మాట ఎప్పుడూ అనలేదు. గడపలో కూర్చుని అప్పుడప్పుడు తల పక్కకు వంచేవాడు. చాలాసేపు అలాగే ఉండేవాడు. ఏమీ వినబడక తల మళ్లీ నిలబెట్టుకునేవాడు. ఒకరోజు నాతో అన్నాడు, "నువ్వన్నా ఏమన్నా అడుగు పాపా. ఎవరూ ఏమీ అడగకుంటే మనిషి ఉన్నట్టా లేనట్టా."

ఏమడగాలో నాకు తోచలేదు. "తింటివా తాతా?" అన్నాను.

ఆయన లేచి నిలబడ్డాడు. కొంచెం ఆలోచించాడు. "లేదు పాపా, ఇంగా తినలేదు" అని తెలుగులో చెప్పాడు.

ఇంటికొచ్చి జేజికి చెప్పాను. ఆ రోజు నుంచి జేజి గిన్నెలో సంగటి, పైన ఇంత గోంగూర పుల్లకూర పెట్టి నా చేత పంపేది. అమ్మ లేచి తిరిగే నాటికి కట్టడి సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు. బండాయన భార్య మాత్రం ఆ గది ముందు నుంచి ఎప్పుడూ నడవలేదు. ఆమెను నేను తప్పుపట్టను. ఎదురుగా నిలబడి ఎవరూ ఆమె మొగుడి కోసం నాట్ యెట్ అనలేదు.

అమ్మ ఆ తర్వాత చాలా కాలం బతికింది. ఆ మధ్యాహ్నం తనకు ఏమన్నా గుర్తుందా అని పెద్దయ్యాక ఒకసారి అడిగాను. ఎర్రమన్ను దారిలో శానా దూరం నడిచినట్టుందనీ, ఒక గేటు దాకా పోతే మూసి ఉందనీ చెప్పింది. ఆమెకు తాత మాటలు ఎవరన్నా చెప్పారో, లేక తనకే అలా తోచిందో నాకు తెలియదు. నేను మాత్రం చెప్పలేదు.

నన్ను ఆలూరు వైపు ఇచ్చారు. కాన్పుకు పుట్టింటికి వచ్చినప్పుడు తాత పోయిన సంగతి జేజి చెప్పింది. నేను అత్తారింటికి పోయాక సంగటి గిన్నె జేజే తీసుకుపోయేదట. ఆ రోజు ఆయన మంచం మీద పడుకునే ఉన్నాడట. తింటివా అప్పా అని అడిగితే, కళ్లు తెరవకుండా నవ్వి, "అడగండమ్మా, ఇంగోసారి అడగండి" అన్నాడట. జేజి మళ్లీ అడిగింది. మళ్లీ నవ్వాడట. మూడోసారి అడిగితే పలకలేదు.

ఆ సంగతి చెబుతూ జేజి నా తలకు ఆముదం అంటుతోంది. చేతులు ఆపింది.

"అడిగేదానికి మనదేం పోయింది పాపా" అంది. "ఇంగో నాలుగుసార్లు అడిగింటే బాగుండు."